హ్యూస్టన్ తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ: పోలింగ్ లోపు ఒక్క సాయంత్రం ఇవ్వండి

కేటీ, టెక్సస్
అక్టోబర్ 25, 2020, విజయదశమి

హ్యూస్టన్ ప్రాంతంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం. దసరా శుభాకాంక్షలు.

గురువారం రాత్రి నాష్‌విల్‌లో ట్రంప్, బైడెన్‌ల మధ్య జరిగిన అధ్యక్ష ఎన్నికల డిబేట్ మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు. తెల్లారేసరికి మన వాట్సాప్ గ్రూపులన్నీ ఒకే మాట మీద మండిపోతున్నాయి. చైనా, రష్యాలతో కలిపి ఇండియా పేరెత్తి, అక్కడి గాలి 'ఫిల్తీ' అని అధ్యక్షుడు ట్రంప్ అన్నారు. పుట్టిన దేశాన్ని అలా అంటే ఎవరికైనా బాధేస్తుంది, నాకూ వేసింది. అయితే అదే డిబేట్‌లో ఇంకో ప్రశ్న వచ్చింది. అది సూటిగా మన ఊరి గురించి. దాని మీద ఒక్క గ్రూపులో కూడా ఒక్క మెసేజ్ నాకు కనబడలేదు.

డిబేట్ నడిపిన క్రిస్టెన్ వెల్కర్ అడిగిన ఆ ప్రశ్న సారాంశం ఇది. రిఫైనరీలు, కెమికల్ ప్లాంట్ల పక్కన ఉండేవాళ్లలో మైనారిటీ జాతుల వాళ్లే ఎక్కువ. ఆ ప్లాంట్ల వల్ల తమ ఆరోగ్యం పాడవుతోందని భయపడే కుటుంబాలు టెక్సస్‌లో ఉన్నాయి. మీ ప్రభుత్వం అలాంటి ప్లాంట్ల మీద ఉన్న నిబంధనలను సడలించింది. ఆ కుటుంబాలు మీకు ఇంకో నాలుగేళ్లు ఎందుకివ్వాలి? ఆ కుటుంబాలకు ఉద్యోగాలున్నాయని, ముందెన్నడూ లేనంత సంపాదిస్తున్నాయని అధ్యక్షుడు జవాబిచ్చారు. ఏ నిబంధన ఎందుకు తీసేశారో మాత్రం చెప్పలేదు. టైమ్ అయిపోయింది, డిబేట్ ముందుకెళ్లిపోయింది.

నేను పద్నాలుగేళ్లుగా రిఫైనరీలు, కెమికల్ ప్లాంట్లు ఉన్న షిప్ ఛానల్ (ఓడల కాలువ) వైపు ప్రాసెస్ సేఫ్టీ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఏ ట్యాంకులో ఏముంది, దాని వేడి ఎంత దాటితే ప్రమాదం, కరెంటు పోతే ఏం చెయ్యాలి అనేవి చూడటమే నా ఉద్యోగం. ఆ ప్రశ్నకు జవాబు రాకపోవడం నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ లేఖ.

మా ఇంటి సంగతి ముందు చెబుతాను. ఆయిల్ మీద బతికేవాళ్ల చెవికి ఈ మాటలు ఎలా వినిపిస్తాయో నాకు బాగా తెలుసు. మా ఆయన డ్రిల్లింగ్ ఇంజినీరు. ఏప్రిల్ 20న క్రూడ్ (ముడి చమురు) ధర సున్నా కంటే కిందికి, బ్యారెల్‌కు మైనస్ 37 డాలర్లకు పడిన రోజు ఆయన టీవీ ముందు నుంచి కదల్లేదు. మే నెలాఖరుకి లే ఆఫ్ చేశారు. ఇప్పుడు ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. మా కాలనీలో ఇలాంటి తెలుగు ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్ల పేర్లు మీకూ తెలుసు. గురువారం రాత్రి బైడెన్ ఆయిల్ ఇండస్ట్రీ నుంచి క్రమంగా బయటికి వస్తామన్నప్పుడు మా హాల్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

కాబట్టి అధ్యక్షుడి ఎనర్జీ పాలసీలో మనకు నచ్చేవి లేవని నేను అనను. 2018లో అమెరికా రష్యాను, సౌదీని దాటి ప్రపంచంలోకెల్లా ఎక్కువ క్రూడ్ తీసే దేశమైంది. ఈ ఏప్రిల్‌లో ధరలు కుప్పకూలినప్పుడు సౌదీ, రష్యాలు ఉత్పత్తి తగ్గించుకునేలా ఆయన గట్టిగా పట్టుబట్టారు, ఆ ఒప్పందం కుదిరింది. అది హ్యూస్టన్‌కు ఊపిరిపోసింది. పార్కులు, అడవుల కోసం ఏటా 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా కేటాయించే చట్టం మీద ఆగస్టులో సంతకం చేశారు. అవన్నీ ఆయన ఖాతాలో రాయాల్సిందే. ఇంకో సంగతి కూడా రాయాలి. షేల్ అనే రాతి పొరల నుంచి ఆయిల్ తీయడం ఊపందుకున్నది ఒబామా కాలంలో. క్రూడ్ ఎగుమతి మీద 40 ఏళ్లుగా ఉన్న నిషేధం ఎత్తేసింది 2015 డిసెంబర్‌లో. మన పొయ్యి ఒక్క అధ్యక్షుడి చేతుల మీదుగా వెలగలేదు.

ఇక నన్ను కలవరపెట్టే విషయానికి వస్తాను.

మే 7 తెల్లవారుజామున మూడు గంటలకు విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో మనందరం ఫోన్లలో చూశాం. లాక్‌డౌన్ వల్ల మూతపడి ఉన్న ప్లాంటులో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ రసాయనం) ట్యాంకు చల్లగా ఉండాల్సింది చల్లగా లేదు. లోపలి ద్రవం తనంతట తానే వేడెక్కి, ఆవిరై, నిద్రపోతున్న ఊరి మీదికి వచ్చింది. మనుషులు పరిగెడుతూ పరిగెడుతూ రోడ్డు మీదే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మా పిన్ని వాళ్లు గోపాలపట్నంలో ఉంటారు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, బాబాయిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని సింహాచలం వైపు వెళ్లిపోయారు. 'ఆ గోడ అవతల ఏం ఉంచారో మాకు ఎవ్వరూ ఎప్పుడూ చెప్పలేదే' అని పిన్ని ఫోన్‌లో ఏడుస్తూ అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ వారం మన సంఘాలన్నీ సంతాప సభలు పెట్టాయి, విరాళాలు పంపాయి. ఆ పని చేసినందుకు మీ అందరికీ నా దండాలు.

అదే తీరు ప్రమాదం మన ఊరి పక్కనే అంతకు మూడేళ్ల ముందు జరిగింది. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు క్రాస్బీలోని ఒక ప్లాంటు చుట్టూ నీళ్లు చేరాయి. అక్కడ నిల్వ ఉన్న ఆర్గానిక్ పెరాక్సైడ్లను (వేడెక్కితే తమంతట తామే అంటుకునే రసాయనాలను) ఎప్పుడూ చల్లగానే ఉంచాలి. కరెంటు పోయింది, జనరేటర్లు మునిగాయి, సరుకును రిఫ్రిజిరేటెడ్ ట్రైలర్లలోకి మార్చారు, అవీ పనిచెయ్యకుండా పోయాయి. ఆగస్టు 31న మొదలై ఆ ట్రైలర్లు అంటుకున్నాయి. చుట్టూ మైలున్నర మేర జనాన్ని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. రోడ్డు మీద కాపలా ఉన్న పోలీసులు మాత్రం పొగ పీల్చి ఆస్పత్రిపాలయ్యారు. వెంకటాపురం, క్రాస్బీ రెండింట్లోనూ జరిగింది ఒకటే: చల్లగా ఉంచాల్సింది వేడెక్కింది. మా వృత్తిలో ఇంతకంటే పాత పాఠం లేదు.

మనవాళ్లలో చాలామందికి తెలియని ఒక విషయం ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ప్లాంటు పక్కన ఉన్న జనానికి లోపల ఏ రసాయనం ఎంత ఉందో తెలుసుకునే హక్కు చట్టంగా వచ్చింది భోపాల్ తర్వాతే. 1984 డిసెంబర్‌లో మన దేశంలో అన్ని వేల మంది పోయాక, 1986లో రీగన్ ఆ చట్టం మీద సంతకం చేశారు. ప్రమాదాలు జరగకుండా ప్లాంట్లు ముందే ప్లాను వేసి ప్రభుత్వానికి ఇవ్వాలన్న నిబంధనకు మూలం 1990 నాటి చట్టం, దాని మీద సంతకం చేసింది మన హ్యూస్టన్ వాసి, పెద్ద బుష్. ఇద్దరూ రిపబ్లికన్లే. ఇది ఒక పార్టీ గొడవ అనుకునేవాళ్లు ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి. నా ఉద్యోగమే ఆ చట్టాల వల్ల పుట్టింది. భోపాల్‌లో పోయినవాళ్లకు నేను రుణపడి ఉన్నానని ప్రతి డిసెంబర్‌లోనూ అనుకుంటాను.

2013 ఏప్రిల్ 17న మన రాష్ట్రంలోనే వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఎరువుల గోడౌన్ పేలి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లిన వాలంటీర్లు. లోపల అమ్మోనియం నైట్రేట్ ఉందని, అది ఎలా ప్రవర్తిస్తుందని వాళ్లకు సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. ఆ తర్వాత మూడేళ్లకు పైగా చర్చించి, 2017 జనవరిలో ఒబామా ప్రభుత్వం నిబంధనలను గట్టి చేసింది. ప్రమాదం జరిగితే కంపెనీ తనను తాను తనిఖీ చేసుకుంటే సరిపోదు, బయటివాళ్లతో ఆడిట్ చేయించాలి. పెద్ద ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా అసలు కారణం తవ్వి తీయాలి. ఇంతకంటే తక్కువ ప్రమాదకరమైన పద్ధతి ఏదైనా ఉందా అని కొన్ని రకాల పరిశ్రమలు పరిశీలించాలి. రోజూ ఈ పనిలో ఉన్నదానిగా చెబుతున్నాను, ఇందులో మోయలేని బరువేమీ లేదు. మంచి కంపెనీలు ఎవరూ చెప్పకుండానే వీటిలో చాలావరకు చేస్తాయి. రూల్ కావాల్సింది చెయ్యని వాళ్ల కోసం.

ట్రంప్ ప్రభుత్వం ముందు ఆ రూల్‌ను వాయిదా వేసింది. 2018లో కోర్టు ఆ వాయిదాను కొట్టేసింది. 2019 నవంబర్‌లో ప్రభుత్వం ఆ రూల్‌లోని ముఖ్యమైన భాగాలను రద్దు చేసింది. బయటి ఆడిట్ పోయింది, అసలు కారణం తవ్వాలన్నది పోయింది, మెరుగైన పద్ధతి వెతకాలన్నది పోయింది. వాళ్ల వాదన కూడా చెబుతాను. వెస్ట్‌లో మంట ఎవరో కావాలని పెట్టిందేనని ఫెడరల్ దర్యాప్తు సంస్థ ప్రకటించింది కాబట్టి, ఆ ప్రమాదాన్ని చూపించి కొత్త బరువులు పెట్టకూడదన్నారు. ఏడాదికి దాదాపు 8.8 కోట్ల డాలర్లు ఆదా అన్నారు. మంట ఎవరు పెట్టినా, ఊరి మధ్యలో అంత సరుకు అలా నిల్వ ఉండటం గురించి అడగాలా వద్దా? నాకైతే ఆ వాదన నిలబడదు. నిలబడుతుందనుకునే ఇంజినీర్లు మన తెలుగువాళ్లలోనే ఉన్నారు, నాతో పనిచేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వచ్చి మాట్లాడాలనే నేను కోరుకుంటున్నాను.

2019 మార్చిలోనే డీర్ పార్క్ ట్యాంకులు రోజుల తరబడి తగలబడి, నల్లటి పొగ మన నెత్తిన నిలబడింది. గాలిలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉందని స్కూళ్లు మూశారు. నవంబర్‌లో రూల్ రద్దు ప్రకటించి వారం తిరక్కముందే, థ్యాంక్స్‌గివింగ్ ముందురోజు పోర్ట్ నెచెస్‌లో ప్లాంటు పేలింది. చుట్టూ నాలుగు మైళ్ల మేర దాదాపు 60 వేల మందిని పండగ పూట ఇళ్లు వదిలి పొమ్మన్నారు. ఆ రూల్ ఉండి ఉంటే ఆ పేలుడు ఆగేదని నేను అనడం లేదు. వారంలో ఏ రూలూ ఏ ప్లాంటునూ మార్చలేదు. ఎన్ని జరిగినా ఈ రద్దు గురించి మన ఇళ్లలో ఒక్క మాట ఎందుకు రాలేదన్నదే నా బాధ.

వెస్ట్ మీద, క్రాస్బీ మీద నిజాలు తేల్చి రిపోర్టులు ఇచ్చింది కెమికల్ సేఫ్టీ బోర్డు అనే చిన్న సంస్థ. అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదనల్లో ఏటా దాన్ని పూర్తిగా ఎత్తేయమనే ఉంది. కాంగ్రెస్ ఒప్పుకోక డబ్బు ఇస్తూ వచ్చింది. ఐదుగురు ఉండాల్సిన ఆ బోర్డులో ఈరోజు మిగిలింది ఒక్కరు.

వరద సంగతి కూడా ఇలాంటిదే. ఫెడరల్ డబ్బుతో కట్టే రోడ్లు, ఆస్పత్రులు, ఇళ్లు రాబోయే వరదలను లెక్కలో పెట్టుకుని ఎత్తుగా కట్టాలని ఒబామా పెట్టిన ప్రమాణాన్ని ట్రంప్ 2017 ఆగస్టు 15న రద్దు చేశారు. పది రోజులకు హార్వీ వచ్చింది. టెక్సస్‌లోని నెడర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాల వాన పడింది. ఇక్కడ కేటీలో, బార్కర్ రిజర్వాయర్ వెనక ఉన్న కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి, మా పక్క వీధివాళ్లను పడవల్లో తెచ్చారు. కింది మెట్టు దాకా వచ్చి మా ఇంట్లోకి రాకుండా ఆగిన నీళ్లను చూస్తూ రాత్రంతా కూర్చున్నాం. ఈ స్థలం ముంపుకు గురికావచ్చని ప్లాట్ల మ్యాపుల మీద చిన్న అక్షరాల్లో రాసి ఉందని చాలామందికి ఇల్లు మునిగాకే తెలిసింది. పిన్ని గోపాలపట్నం నుంచి ఏడుస్తూ చెప్పింది, ఇక్కడ మా పక్కింటివాళ్లు తడిసిన సోఫాలు బయటపడేస్తూ చెప్పింది ఒకటే మాట.

వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు సంగతి క్లుప్తంగా. ఈ ఆగస్టులో ఆయిల్, గ్యాస్ బావుల నుంచి మీథేన్ లీకుల మీద ఉన్న రూల్స్ కూడా సడలించారు. ఎక్సాన్, షెల్, బీపీ లాంటి పెద్ద కంపెనీలే అది వద్దన్నాయి. మనం పనిచేసే కంపెనీలే వద్దన్న సడలింపు మన ఉద్యోగాలను ఎలా కాపాడుతుందో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది. కార్ల మైలేజీ రూల్, కరెంటు ప్లాంట్ల రూల్, ఆర్కిటిక్‌లో డ్రిల్లింగ్, వీటన్నిటి మీదా మాట్లాడొచ్చు, కానీ ఒక్క సాయంత్రానికి అవి పట్టవు. పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి మాత్రం అమెరికా అధికారికంగా బయటపడేది నవంబర్ 4న, అంటే ఎన్నిక మర్నాడు.

రెండో వైపు వాళ్లనూ వదలొద్దు. ఆయిల్ నుంచి మార్పు అంటే ఎన్నేళ్లలో? నలభై ఐదేళ్ల డ్రిల్లింగ్ ఇంజినీరు ఏ పనికి మారాలి, ఏ జీతానికి? ఫ్రాకింగ్ (రాతి పొరలను పగలగొట్టి ఆయిల్, గ్యాస్ తీసే పద్ధతి) నిషేధించనని ఒక నోటితో, మార్పు అని ఇంకో నోటితో అంటే మా ఇంట్లో వాళ్లకు సరిపోదు. బైడెన్ తరఫున మాట్లాడేవాళ్లు వస్తే ఈ ప్రశ్న మా ఆయనే అడుగుతారు. టెక్సస్‌లో గాలిమరల కథ కూడా అక్కడ చెప్పాలి. 1999లో గవర్నరుగా ఉన్న చిన్న బుష్ సంతకంతో మొదలై, ఆయన తర్వాతి గవర్నరు రిక్ పెర్రీ కాలంలో పడమటి నుంచి వేసిన కరెంటు లైన్లతో పెరిగి, నిరుడు మన గ్రిడ్ కరెంటులో ఐదో వంతు గాలి నుంచే వచ్చింది. ఆ పెర్రీయే ట్రంప్ దగ్గర ఎనర్జీ మంత్రిగా పనిచేశారు. గాలిమరల చప్పుడుతో క్యాన్సర్ వస్తుందంటున్నారని నిరుడు ఏప్రిల్‌లో అధ్యక్షుడు సభలో చెప్పినప్పుడు, స్వీట్‌వాటర్‌లో ఆ మరల మీద పనిచేసే మన పిల్లలు ఏమనుకుని ఉంటారు?

సెప్టెంబర్‌లో ఈ విషయాల మీద ఒక చర్చ పెట్టమని ఒక సంఘం వారికి రాశాను. రెండు వారాలకు ఫోన్ వచ్చింది. 'అమ్మా, మనకు రాజకీయాలెందుకు, మనలో మనకే గొడవలవుతాయి' అన్నారు. మర్యాదగానే చెప్పారు, వారి భయం నాకు అర్థమైంది. కానీ జూన్‌లో హెచ్-1బి ఆపేస్తూ ప్రకటన రాగానే లాయర్లను పిలిచి రెండు జూమ్ మీటింగులు పెట్టింది కూడా వారే. అధ్యక్షుడి వీసా పాలసీ మన బతుకు సమస్య అయినప్పుడు, మనం పీల్చే గాలి మీద ఆయన పాలసీ రాజకీయం ఎలా అయింది? గొడవలంటారా, భార్యాభర్తలం మేమిద్దరమే ఈ విషయంలో ఒకే మాట మీద లేము. అయినా ఒకే టేబుల్ దగ్గర అన్నం తింటున్నాం.

నేను అడిగేది ఇంతే. ఎర్లీ ఓటింగ్ (పోలింగ్ రోజుకు ముందే ఓటేసే వీలు) శుక్రవారం, 30వ తేదీతో ముగుస్తుంది. ఆలోపు ఒక్క సాయంత్రం, గంటన్నర జూమ్. ఎవరికి ఓటు వెయ్యమనీ ఎవరూ చెప్పకూడదు. అధ్యక్షుడి పనిని సమర్థించే తెలుగు ఇంజినీరు ఒకరు, విమర్శించేవారు ఒకరు, రిఫైనరీ యూనిట్లో షిఫ్టులు చేసే ఆపరేటర్ ఒకరు. వీలైతే పసడీనా, గలీనా పార్క్ వైపు ఉండేవాళ్లు ఒకరు, ఎందుకంటే మనలో ఎక్కువమంది పగలు అక్కడ పనిచేసి రాత్రి కేటీకో షుగర్ ల్యాండ్‌కో వచ్చేస్తాం, ఆ వాసన మధ్య నిద్రపోయేది వాళ్లు. ఓటు లేని హెచ్-1బి పిల్లలను కూడా పిలవండి. ఓటు లేకపోయినా ప్రశ్న అడగొచ్చు, ఇంట్లో ఓటున్న అన్నకో వదినకో చెప్పొచ్చు.

బ్యాలెట్ గురించి రెండు ముక్కలు కూడా ఆ రోజు చెప్పాలి. ఈసారి టెక్సస్‌లో ఒక్క బటన్ నొక్కి పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి లేదు. పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే ఎంచుకోవాలి. అందులో రైల్‌రోడ్ కమిషనర్ అని ఒక పదవి ఉంది. పేరు చూసి రైళ్ల సంగతి మనకెందుకని మా పిన్నత్తగారి అబ్బాయి దాటేసి వచ్చేశాడు. ఆ కమిషన్‌కు రైళ్లతో ఇప్పుడు సంబంధమే లేదు. రాష్ట్రంలో ఆయిల్, గ్యాస్ బావులను, పైపులైన్లను, పడమట రాత్రంతా వెలిగే ఫ్లేర్లను (మిగులు గ్యాస్‌ను తగలబెట్టే మంటలను) చూసుకునేది అదే.

పాత రూల్, కొత్త రూల్ పక్కపక్కన పెట్టి నాలుగు పేజీలు తెలుగులో రాసి పెట్టాను. ఏది తీసేశారో, ఎందుకు తీసేశామని ప్రభుత్వం చెప్పిందో రెండూ అందులో ఉన్నాయి. తప్పుంటే మీ కార్యవర్గంలోని కెమికల్ ఇంజినీర్లే దిద్దండి. బుధవారం రాత్రి ఎనిమిదికి నాకు షిఫ్ట్ లేదు. గురువారమైతే సెలవు పెడతాను. లింక్ మీరు పంపినా సరే, నన్ను పెట్టమన్నా సరే.

ఇట్లు,
మీ సభ్యురాలు, ఒక ప్రాసెస్ సేఫ్టీ ఇంజినీరు